అమ్మకు మార్కులు వేయని పట్టిక

ప్రశ్న: నా వయసు 41. సొంత ఊరు రాజమహేంద్రవరం. పదిహేనేళ్లుగా ఇక్కడే ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగం చూస్తున్నాను. ఇప్పుడు ఒక పెద్ద సంస్థలో ఉద్యోగం వచ్చింది. జీతం దాదాపు రెట్టింపు. బెంగళూరు, పుణె, చెన్నై నగరాల్లో వాళ్లకు కార్యాలయాలున్నాయి. ఎక్కడ చేరతారో మీరే చెప్పండి, జీతంలో తేడా ఉండదు అన్నారు. బెంగళూరులో అయితే వైట్‌ఫీల్డ్, పుణెలో హింజవడి, చెన్నైలో షోళింగనల్లూరు. హైదరాబాదులో వాళ్లకు కార్యాలయం లేదు. నేను కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారు చేశాను. వాతావరణం, అద్దెలు, ట్రాఫిక్, పాఠశాలలు, ముందుముందు ఉద్యోగావకాశాలు వగైరా పది అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. బెంగళూరుకు 81, పుణెకు 78, చెన్నైకి 62 వచ్చాయి. ఎండ, నీటి ఎద్దడి వల్ల చెన్నై వెనకబడింది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో గణితం చెబుతుంది, ఎక్కడికైనా వస్తుంది. అమ్మాయి ఎనిమిదో తరగతి. అమ్మ మాతోనే ఉంటుంది. పదిహేను రోజుల్లో సంస్థకు జవాబు చెప్పాలి. బెంగళూరు సరైన ఎంపికేనా?
– పేరు వద్దు, రాజమహేంద్రవరం

జవాబు: మీ పట్టికను రెండుసార్లు చదివాను. లెక్కల మనిషి చేసిన పట్టిక, కూడికలో తప్పు దొరకలేదు. మీ ఉత్తరంలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘అమ్మ మాతోనే ఉంటుంది.’ అంతే. ఆవిడ వయసు ఎంతో, మోకాళ్లు ఎలా ఉన్నాయో, తెలుగు కాక మరో భాష వచ్చో రాదో రాయలేదు. పది అంశాల్లో ఆవిడ పేరిట ఒక్క గడి లేదు.

నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. తొమ్మిది బదిలీలు. అందులో మీరు రాసిన మూడు ఊళ్లూ ఉన్నాయి. మూడింటిలోనూ మా అత్తగారు మాతోనే ఉన్నారు. కాబట్టి ఈ జవాబులో సగం ఆవిడది.

1991లో మద్రాసు. నంగనల్లూరులో చిన్న వాటా, ఒక గది, వంటిల్లు, పంచుకునే పెరడు. వేసవిలో ఫ్యాను వేడి గాలి విసిరేది. మంచినీళ్లు చేతిపంపు కొట్టి పట్టుకోవాలి. మీ లెక్కన ఆ ఇంటికి ఇరవై మార్కులు కూడా రావు. పక్క వాటాలో ఒక తమిళ పెద్దావిడ ఉండేది. ఆవిడ తమిళంలో, మా అత్తగారు తెలుగులో, రోజూ మధ్యాహ్నం రెండు గంటల సేపు మాట్లాడుకునేవారు. జంతికల పిండిలో వాము వేయాలా వద్దా అన్న తగవు రెండేళ్లు నడిచింది. కూరగాయలమ్మే మనిషికి తెలుగు వచ్చు, చెప్పులు కుట్టే అతనికి తెలుగే ఇంటి భాష. 1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడింది కాని, తెలుగు ఆ ఊరు విడిచి రాలేదు.

1999లో పుణె. కోత్రూడ్‌లో మూడో అంతస్తులో మంచి ఫ్లాటు. చల్లటి గాలి, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు. ఇరుగుపొరుగు మర్యాదస్తులు, కాకపోతే తలుపులు వేసి ఉంచుకునేవారు. మా అత్తగారికి వచ్చిన మరాఠీ అంతా కలిపి మూడు మాటలు: కాందా, బటాటా, పాణీ. అప్పట్లో రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ, అంటే వేరే ఊరికి చేసే ఫోను, చార్జీ బాగా తగ్గేది. ఎనిమిదింటికే పడుకునే మనిషి, తునిలో ఉన్న చెల్లెలితో పది నిమిషాలు తెలుగు మాట్లాడటానికి పదకొండు దాకా గోడకు ఆనుకుని మేలుకుని కూర్చునేవారు. ఆవిడకు నిద్ర పట్టడం లేదనుకుని డాక్టరుకు చూపించాను. అసలు సంగతి నాకు తెలిసే సరికి ఎనిమిది నెలలైంది.

బెంగళూరులో తప్పు పూర్తిగా నాదే. 2007లో చెట్లు, పార్కు, గుడి చూసి మల్లేశ్వరంలో ఇల్లు తీసుకున్నాను. నా శాఖ వైట్‌ఫీల్డ్‌లో. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, వాన పడితే మూడు. ఆ చెట్లను నేను ఆదివారాలు మాత్రమే చూశాను. ఇప్పుడు మెట్రో వచ్చింది. 2023 నాటికి ఊదా రంగు మార్గం వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది. అయినా స్టేషన్ నుంచి మీ కార్యాలయం గేటు వరకు ఎలా వెళ్తారన్నది మిగులుతుంది. మీరు ట్రాఫిక్‌కు బెంగళూరులో ఆరు మార్కులు వేశారు. ఊరికి ట్రాఫిక్ మార్కులేమిటండీ? మీ ఇంటికీ మీ గేటుకూ మధ్య ఉన్న దారికి వేయాలి కాని.

చెన్నైకి ఎండ వల్ల మార్కులు తగ్గించారు. రాజమహేంద్రవరంలో నలభై ఒక్క రోహిణీ కార్తెలు గడిపిన మనిషి చెన్నై ఎండకు భయపడటం చూసి నాకు నవ్వు వచ్చింది. ఉక్కపోత నిజమే. కాని అది మీరు ఎరగనిది కాదు. నీళ్ల విషయంలోనూ మీ గడి సగమే నిండింది. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయిన సంగతి మీకు గుర్తుంది. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండి, అపార్టుమెంట్ల ముందు ట్యాంకర్లు వరస కట్టిన సంగతి మరిచిపోయినట్టున్నారు. బెంగళూరు తాగే కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అదీ ఎత్తుకు, పంపులతో తోడాలి. చెన్నైకి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలున్నాయి. కండలేరు నుంచి కాలువలో వెళ్లి పూండి చెరువులో కలిసే కృష్ణ నీళ్లూ ఉన్నాయి. ఏ ఊరూ నీటికి పది మార్కుల ఊరు కాదు. ఇల్లు చూసేటప్పుడు ఆ భవనానికి కార్పొరేషన్ నీళ్లు వస్తాయా, నెలకు ఎన్ని ట్యాంకర్లు కొంటారు, ఆ ఖర్చు అద్దెలో కలిసిందా వేరేనా అని అడగండి. షోళింగనల్లూరు వైపు ఈ ప్రశ్న తప్పనిసరి.

ఇంతకీ నా సలహా చెన్నై. మీ అమ్మగారు వస్తారు కాబట్టి చెన్నై. ఆవిడ తమ్ముడి ఇంట్లోనో మరో కొడుకు దగ్గరో ఉంటానంటే, మీ పట్టికనే నమ్మి బెంగళూరు వెళ్లండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఆవిడ రాననడానికి కారణం మీ పట్టిక కాకూడదు. మీరు ఊళ్లో ఉండేది రాత్రిపూట. పగలంతా ఆ ఊళ్లో ఉండేది ఆవిడే. పైగా రాజమహేంద్రవరం నుంచి చెన్నై రైలులో సుమారు 580 కిలోమీటర్లు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దిగవచ్చు. బెంగళూరుకు శేషాద్రి ఉంది కాని, అది మర్నాడు పొద్దెక్కేదాకా సాగే ప్రయాణం. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ తేడా చిన్నది కాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆవిడ ఎక్కడున్నా సొంత రేవుకు రాకుండా ఉంటారా?

చెన్నైలో ఎక్కడ? ఆఫీసుకు దగ్గరని పళ్లికరణై చిత్తడి నేల చుట్టుపక్కల చవకగా దొరికిన మొదటి ఇల్లు తీసుకోవద్దు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలు నీళ్లలో నిలబడ్డాయి. ఇంటి యజమాని ‘ఇక్కడికి నీళ్లు రాలేదు’ అనే అంటారు. వీధి మూలన ఇస్త్రీ బండి అతన్ని అడగండి, ఏ సంవత్సరం ఎంత లోతు వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తాడు. నేల అంతస్తు వద్దు. నాలుగో అంతస్తూ వద్దు, వరద వచ్చిన రోజు కరెంటు ఉండదు, లిఫ్టు ఆగుతుంది, అమ్మగారు పైన చిక్కుకుంటారు. మొదటి అంతస్తు వెతకండి. తిరువాన్మియూరు నాకు నచ్చిన చోటు. మరుందీశ్వరుని గుడి ఉంది, సముద్రం దగ్గర, మీకు ఆఫీసుకు ఒకే రోడ్డు. అద్దె ఎక్కువ. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద మెట్రో పనుల వల్ల ప్రయాణమూ సుఖంగా ఉండదు. అక్కడ ఇంటికి ఆఫీసుకు మధ్య అరగంట పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీరే వెళ్లి చూడండి.

అడ్వాన్సు మాట. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె ఆనవాయితీ, ఇప్పటికీ ఐదారు నెలలు అడిగేవారున్నారు. తమిళనాడులో ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప ఇళ్లకు మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని 2017 చట్టం చెబుతోంది. అడిగేవారు అడుగుతూనే ఉంటారు, చట్టం తెలుసని మర్యాదగా చెప్పండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు లేదని గుర్తుంచుకుని జీతం లెక్క వేసుకోండి, లెక్కల మనిషికి ఇంతకంటే చెప్పనవసరం లేదు. కారు తీసుకెళ్తే, పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి.

ఇక అమ్మాయి. ఈ విషయం మీ పట్టికలో ‘పాఠశాలలు’ అన్న గడిలో పడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగు, వైద్య కళాశాలల కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులవి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, స్థానిక ప్రాంతంలో చదివితే స్థానికులు. మీ అమ్మాయి సరిగ్గా ఆ గడప మీద ఉంది. ‘పది దాకా అక్కడ చదివించి ఇంటర్‌కు తెచ్చేద్దాం’ అని చాలామంది అనుకుంటారు. అప్పుడు నాలుగేళ్లలో రెండే మిగులుతాయి. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు ఉన్న పిల్లలు మిగిలిన 15 శాతానికి పోటీ పడవచ్చు కాని, అది ఇరుకు దారి. కాబట్టి తీసుకెళ్తే ఇంటర్ దాకా అక్కడే అన్న నిర్ణయంతో తీసుకెళ్లండి. రెండో భాషగా తెలుగు కొనసాగించాలంటే చెన్నైలో తెలుగు చెప్పే పాఠశాలలు, తగ్గిపోతున్నా, ఇంకా ఉన్నాయి. చేర్పించే ముందు తెలుగు పంతులమ్మ నిజంగా ఉన్నారో లేదో కనుక్కోండి, ప్రాస్పెక్టస్‌లో ఉండే తెలుగు తరగతిలో ఉండకపోవచ్చు.

‘నా భార్య ఎక్కడికైనా వస్తుంది’ అన్నారు. ఆ మాట ఆవిడ అన్నారా, మీరు రాసుకున్నారా? ఈ ఆదివారం ఆ పట్టిక కాగితం మీద అచ్చు తీసి, మార్కులు చెరిపేసి, ఆవిడకూ అమ్మగారికీ చెరొకటి ఇవ్వండి. ఆలోచించుకోవడానికి, పదిహేను రోజుల్లో ఇంకా ఎన్ని మిగిలాయో అన్ని రోజులూ ఇవ్వండి.

ప్రశ్న: మాది కరీంనగర్. నాకు 22 ఏళ్లు. మొదటి ఉద్యోగం. హైదరాబాదు లేదా నోయిడా ఎంచుకోమన్నారు. నేను నేర్చుకోవాలనుకున్న పని నోయిడా జట్టులోనే ఉంది. అమ్మ హైదరాబాదే అంటోంది. ఏం చేయాలి?
– ఒక అమ్మాయి

జవాబు: మా మనవరాలి వయసు కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నోయిడా వెళ్లు. పై ఉత్తరానికి చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురుగా ఉందని తెలుసు. నీతోపాటు పగలంతా ఇంట్లో కూర్చునేవారు ఎవరూ లేరు. పని అక్కడుంది. హైదరాబాదు ఎక్కడికీ పోదు.

అమ్మ భయం దూరం గురించి కాదు, తెలియకపోవడం గురించి. మొదటి వారం ఆవిడనూ తీసుకెళ్లు. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఢిల్లీలో దిగుతారు. నువ్వుండే హాస్టలు, దారిలో మెట్రో స్టేషన్, ఆఫీసు గేటు ఆవిడ కళ్లతో చూడాలి. హాస్టలు మెట్రోకు నడిచి వెళ్లేంత దగ్గరలో తీసుకో, వంద గజాలు ఎక్కువైనా వెలుతురున్న దారి చూసుకో. నవంబరులో పొగమంచు కాదు, పొగే కమ్ముకుంటుంది. నీకు ఉబ్బసం లాంటిది ఉంటే మాత్రం డాక్టరును అడిగి మరీ కదులు, అప్పుడు నా సలహా చెల్లదు. తెలుగు భోజనం మీద బెంగ పుట్టిన ఆదివారం ఢిల్లీలో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లు, వరస పెద్దదే, కాని కదులుతుంది. అమ్మ ఇంటి నుంచి దుప్పట్లు మూట కడుతుంది, వద్దని చెప్పు. మన దుప్పటి అక్కడి జనవరికి ఆగదు. దిగాక అక్కడే దూది రజాయి కొనుక్కో.