ర్యాంపులు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గాజువాకలో షెడ్డు తీసుకుని చిన్న యంత్రాలు అద్దెకిస్తున్నావనీ, వాటిని లారీలోకి ఎక్కించడానికి పాత అల్యూమినియం ర్యాంపులు చవకగా బేరమాడావనీ నిన్న మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ఒకరి దగ్గర లోడింగు మేస్త్రీగా బతికిన నేను చేయలేని సాహసం నీవు చేస్తున్నందుకు గర్వపడ్డాను. ‘పాత’ అన్న మాట విన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

పొడవు సంగతి నీకు తెలిసిందే: నేల నుంచి నాలుగడుగుల ఎత్తున్న లారీ తొట్టికి ఎనిమిదడుగుల ర్యాంపు వేస్తే వాలు 30 డిగ్రీలవుతుంది, పన్నెండడుగులైతే 20కి లోపే ఉంటుంది. ర్యాంపు మీద రాసి ఉన్న బరువు జతకా, ఒక్కదానికా అని అడుగు. యంత్రం ఎక్కించే ముందు ర్యాంపును గొలుసుతో లారీకి కట్టు.

2013లో, అంటే హుద్‌హుద్ తుఫానుకు ముందు సంవత్సరం, మా అల్యూమినియం ర్యాంపును లారీకి తగిలించే కొక్కెం దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. సాయంత్రంలోగా లారీ కదలాలని దగ్గరి దుకాణంలో వెల్డింగు చేయించాను. అతుకు తళతళలాడింది, దాని మీద కాలితో గట్టిగా తన్ని చూసి, బాగుందన్నాను. ఇరవై రోజుల తరువాత యంత్రం సగం ఎక్కగానే ర్యాంపు విరిగింది. అతుకు చెక్కుచెదరలేదు, దానికి రెండు వేళ్ల దూరంలో తెగింది. ఫ్యాక్టరీలో వేడి చేసి, చల్లార్చి అల్యూమినియానికి ఇచ్చే గట్టిదనాన్ని వెల్డింగు వేడి తీసేస్తుందనీ, అతుకు పక్కన బలం దాదాపు సగానికి పడిపోతుందనీ నాకు ఆ తరువాత ఒక ఇంజనీరు చెప్పారు. ర్యాంపు విరిగినప్పుడు పక్కన నిలబడిన శ్రీకాకుళం కుర్రవాడికి మోకాలి కింద ఎముక విరిగింది. అతనికి పందొమ్మిదేళ్లు. ఆస్పత్రిలో అతని తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఆ పాత జత ముట్టుకోవద్దు. రంగు వేసిన అల్యూమినియం కింద ఎవరి అతుకు ఉందో ఎవరికి తెలుసు? డబ్బు మిగులుతుందని ఇంత తెలివైనవాడివి ఇలా ఆలోచిస్తావా?

అలాగని అన్నిటికీ స్టీలే కొనమనను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు పలక 47 కిలోలు తూగితే, అల్యూమినియానిది 16 కిలోలే. చిన్నప్పుడు మా దొడ్లో జామచెట్టు మీంచి పడి నడుము పట్టుకుని ఏడ్చినవాడివి; రోజూ లారీలోంచి దించి ఎత్తే జతకు కొత్త అల్యూమినియమే తీసుకో. పగిలితే అతికించకుండా తుక్కుకు ఇచ్చెయ్యి. షెడ్డులో కదలకుండా ఉండేదానికి మాత్రం స్టీలు మేలు, ఎందుకంటే అది విరిగే ముందు సాధారణంగా వంగి హెచ్చరిస్తుంది, మంచి వెల్డరు దొరికితే బాగుచేయించుకోవచ్చు కూడా. మన సముద్రపు గాలికి ఒట్టి రంగు నిలవదు, చక్రాలు రాసుకున్న చోటల్లా తుప్పు మొదలవుతుంది కనుక కరిగిన జింకులో ముంచి తీసిన గ్యాల్వనైజ్డ్ స్టీలే అడుగు. అల్యూమినియానికి మామూలు ఇనుప బోల్టులు బిగించవద్దు; ఉప్పు తేమకు రెండూ కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి గుంటలు పడుతుంది.

అడ్వాన్సు ఇవ్వకు. శనివారం ఉదయం ఆటోనగర్‌కు నేనూ వస్తాను. ఏ జత తీసుకున్నా కొక్కేలు నా చేత్తో తడిమి చూడాలి.

ఆశీస్సులతో,
మామయ్య