మీ ప్రశ్నలు, మా జవాబులు: చేసిన పనికి జీతం ఎగ్గొడితే

ప్రశ్న: మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేశానండి. జీతం నెలకు 15,000. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి జీతాలు ఇవ్వలేదు. మార్చి 12న మానేశాను. సంక్రాంతికి ఫోన్‌పేలో 5,000 మాత్రం వేశారు. అపాయింట్‌మెంట్ లెటరు లేదు, హాజరు పుస్తకమూ లేదు. ఇప్పుడు అడిగితే "నువ్వు మా దగ్గర పనే చెయ్యలేదు పో" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: కాగితం లేదని వెనక్కి తగ్గకండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ (జీతాల కొత్త చట్టం) ప్రకారం, జీతం ఇవ్వలేదని మీరు క్లెయిం వేస్తే ఇచ్చినట్టు రుజువు చూపాల్సింది యజమానే. మానేసిన రెండు పనిదినాల్లో బకాయి మొత్తం చేతికి రావాలని కూడా అందులోనే ఉంది. మీరు చూపించాల్సింది అక్కడ పనిచేశారన్నది ఒక్కటే. మిల్లు గుమాస్తాకు ఆ ఆధారాలకు లోటుండదు. మీ చేతిరాతతో ఉన్న కాటా చీట్ల ఫొటోలు, లారీ నంబర్లూ బస్తాల లెక్కలూ పంపిన వాట్సాప్ మెసేజీలు, ఆ 5,000 పడిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. అంతకుముందు జీతాలు కూడా అదే ఖాతా నుంచి పడి ఉంటే మీ మాటకు ఇంకా బలం. స్క్రీన్‌షాట్‌లో అవతలివాళ్ల నంబరూ తేదీ కనబడాలి. ఇంకా పనిలో ఉన్నవాళ్లు అసలు చీట్లు ఇంటికి తెచ్చుకోవద్దు. దాన్నే దొంగతనం కింద తిప్పుతారు. ఫొటోలు చాలు.

తర్వాత లెక్క కట్టండి. మూడు నెలలకు 45,000. మార్చిలో 12 రోజులకు, రోజుకు 500 చొప్పున 6,000. మొత్తం 51,000లో ముట్టిన 5,000 పోగా మీకు రావాల్సింది 46,000. ఆ 5,000 సంగతి మీరే రాయండి. మీరు దాచి, యజమాని ఫోన్‌పే రసీదు బయటపెడితే మిగతా లెక్కనూ ఎవరూ నమ్మరు.

చాలా అర్జీలు దెబ్బతినేది యజమాని పేరు దగ్గరే. బోర్డు మీద దేవుడి పేరుంటుంది, లైసెన్సు కొడుకు పేరనో భార్య పేరనో ఉంటుంది. బిల్లు మీదున్న జీఎస్టీ నంబరు జీఎస్టీ వెబ్‌సైటులో కొడితే అసలు పేరు తెలుస్తుంది. ఆ పేరుకు, మిల్లు చిరునామాకు, లెక్కతో సహా ఒక పేజీ ఉత్తరం రాసి, 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపండి. "తీసుకోలేదు" అని తిరిగొస్తే ఆ కవరు చింపకుండా అలాగే ఉంచండి. అదీ సాక్ష్యమే.

గడువు దాటాక మీ ప్రాంత సహాయ కార్మిక అధికారికి ఫిర్యాదు రాసి, రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫిర్యాదు మీద మామూలుగా ఇద్దర్నీ పిలిచి మాట్లాడతారు. అక్కడ తేలకపోతే వేతన క్లెయిముల అధికారి ముందు దరఖాస్తు వెయ్యాలి. ఈ రెండూ వేర్వేరు. ఫిర్యాదు ఇచ్చి ఊరుకుంటే క్లెయిం వేసినట్టు కాదు. క్లెయింకు గడువు మూడేళ్లు. పాత 1936 వేతనాల చెల్లింపు చట్టంలో 12 నెలలే. అందుకని 2025 నవంబరు 21కి ముందు బకాయిలున్నవాళ్లు ఏడాది దాటనివ్వకపోవడం క్షేమం. అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయవచ్చు. అప్పటికీ కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

రాజీ కుదిరితే మంచిదే. కానీ డబ్బు ఖాతాలో పడేదాకా "మొత్తం ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. చెక్కు ఇస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యండి. బౌన్సయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా ఆ కేసు చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: భీమవరంలో బట్టల షాపులో చేస్తున్నాను. స్టాకు తగ్గిందని నా నెల జీతం మొత్తం ఆపేశారు. ఇది న్యాయమేనా?

జవాబు: కాదు. ఆ సరుకు ప్రత్యేకంగా మీకు అప్పగించి ఉండాలి, మీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోసే ముందు మీ మాట వినాలి. అన్నీ ఉన్నా అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. నలుగురు తిరిగే కౌంటరులో తగ్గిన స్టాకంతా ఒక్కరి నెత్తిన రుద్దడం కుదరదు. ఏ సరుకు, ఎంత, ఎప్పుడు అప్పగించారో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: అమలాపురం దగ్గర రొయ్యల షెడ్డులో 14 మంది ఆడవాళ్లం కిలో లెక్కన తలలు తీశామండి. మేస్త్రి డబ్బు పట్టుకుని వెళ్లిపోయాడు. షెడ్డు ఆయన "మేస్త్రికి ఇచ్చేశాను, నాకేం సంబంధం" అంటున్నారు.

జవాబు: సంబంధం ఉంది. మేస్త్రి ఇవ్వకపోతే ఆ షెడ్డు యజమానే బాధ్యుడు. కిలో లెక్కన ఇచ్చేదీ వేతనమే. విడివిడిగా తిరగక్కర్లేదు, 14 మందీ కలిసి ఒకే దరఖాస్తు వేయవచ్చు. మొదట షెడ్డు యజమానిని, తర్వాత మేస్త్రిని చేర్చండి. ఒక్కొక్కరికీ ఒక వరుస: పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని కిలోలు, కిలోకు ఎంత, రావాల్సిందెంత, చివర సంతకం లేదా వేలిముద్ర. కిలోల చీటీలు లేకపోతే, జ్ఞాపకం చెదరకముందే అందరూ కూర్చుని రాసుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.