అతుకుల బొంతకు స్కేలు ఎప్పుడు కావాలి?

ప్రశ్న: రెండేళ్ల మనవరాలు నేల మీద కూర్చుని ఆడుకోవడానికి చిన్న బొంత కుడుతున్నాను. మంగళగిరి చీరల ముక్కలు, పెడన అద్దకం గుడ్డలు ఉన్నాయి. కొలతలు లేకుండా, తోచినట్టు కత్తిరించి కలిపే కొత్త పద్ధతి నచ్చింది. సంచిలోంచి కళ్లు మూసుకుని ముక్కలు తీసి కలుపుతున్నాను. అలా ముక్కలు కలిపి కుట్టిన బ్లాకులు తలా ఒక సైజులో వస్తున్నాయి, అంచులు అలల్లా లేస్తున్నాయి. ఫొటో పంపుతున్నాను. విప్పేసి కొలతలతో కుట్టాలా? మంగళగిరి చీరల జరీ అంచు, అదే నిజాం అంచు, వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విప్పకండమ్మా. ఫొటోలో పై వరుసలో, చిలకాకుపచ్చ ముక్క పక్కన వేలెడు సన్నటి ఎర్ర పట్టీ వేశారు చూడండి, అది ఎంత బాగుందో! మిగతా బ్లాకులు కూడా అలా పలకాలంటే ముందు కళ్లు తెరిచి ముక్కలు ఎంచుకోండి. ఒక్కో ముక్క కలిపాక బ్లాకును గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి, తర్వాతి రంగు తేల్చుకోండి.

అమెరికాలో అలబామా నది మలుపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు పొలం పనుల్లో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన నీలం, జేబు ఊడదీసిన చోట వెలవకుండా మిగిలిన ముదురు నీలం, వాటినే రంగులుగా వాడుకున్నారు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో మ్యూజియం గోడల మీద ప్రదర్శించారు. 2006లో తపాలా బిళ్లల మీదకూ ఎక్కాయి. వాళ్ల హౌస్‌టాప్ తీరు మీకు బాగా పనికొస్తుంది. మధ్యలో ఒక ముక్క, చుట్టూ నాలుగు పట్టీలు, వాటి చుట్టూ మళ్లీ పట్టీలు. పట్టీ ఒక కొసన వెడల్పుగా, ఇంకో కొసన సన్నగా ఉన్నా సరిచేయకండి.

ఇక సైజు. స్కేలు చివర్లోనే తీయాలి. ప్రతి బ్లాకూ పది అంగుళాలు దాటేదాకా పట్టీలు కలుపుతూ పోండి, తర్వాత తొమ్మిదిన్నర అంగుళాల చదరంగా కత్తిరించండి. చాలకపోతే ఇంకో పట్టీ వేయండి. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతే తొమ్మిది మిగులుతుంది. వరుసకు నాలుగు చొప్పున 16 బ్లాకులు కలిపితే బొంత 36 అంగుళాల చదరం అవుతుంది.

అలలకు కారణం వేరు. పడుగు, పేకల వెంట కోసిన గుడ్డ నిలుస్తుంది, ఐమూలగా కోసింది సాగుతుంది. పైగా మెత్తబడిన చీర గుడ్డకు పట్టు ఉండదు. అందుకే కత్తిరించే ముందే గుడ్డలన్నిటికీ గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేయండి. కుట్టేటప్పుడు మిషను వెనక నుంచి గుడ్డను లాగకండి. ప్రతి కుట్టు మీదా ఇస్త్రీపెట్టెను ఎత్తి ఎత్తి నొక్కండి, రుద్దితే మళ్లీ సాగుతుంది. ఇప్పటికే అలలు వచ్చిన బ్లాకులకు కాస్త నీళ్లు చిలకరించి, బల్ల మీద చదునుగా సర్ది నొక్కండి. ఆపైన పడుగు వెంట కోసిన పట్టీని చుట్టూ వేస్తే అంచు కుదురుకుంటుంది.

నిజాం అంచు ఈ బొంతకు వద్దు. జరీ పసిపిల్ల మోకాళ్లకు గీసుకుంటుంది, దిండు గలీబుకు దాచుకోండి. పెడన గుడ్డల్లో ఎరుపును మాత్రం నమ్మకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతికాకే, అంటే గంజికి ముందే, తెల్ల మంగళగిరి పక్కన చేర్చండి. లోపల దూది అక్కర్లేదు. పాత నేత చీరను రెండు మడతలు పరిచి, మధ్య నుంచి అంచులకు టాకాలు వేసుకుంటూ వెళ్తే పొరలు జరగవు.