జిరాక్స్ కాగితం పట్టుకుని రా

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో "పదిహేను వేలల్లో మంచి ట్యాబ్ పేరొకటి చెప్పు మామా, చాలు" అన్నావు. పేరు చెప్పడం ఎంతసేపు? ఆర్నెల్లకోసారి మోడళ్లు మారిపోతుంటాయి, పండగ ఆఫర్లకు ధరలు ఎక్కి దిగుతుంటాయి. ఇవాళ నేను చెప్పిన పేరు నువ్వు కొనే రోజుకు షాపులో ఉంటుందో ఉండదో. అందుకే పేరు వదిలేసి, ఎలా చూసి కొనాలో రాస్తున్నా. టేప్ రికార్డర్లతో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లుగా తిరుపతిలో రిపేరు బల్ల ముందు కూర్చున్నాను. పెట్టెలోంచి తీసినప్పుడు అన్నీ బాగానే మెరుస్తాయి. రెండేళ్లకు ఏది ఏ రోగంతో నా బల్ల మీదికి వస్తుందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ముందు ఒక పని చెయ్. నీ బీకాం నోట్సులోంచి ఒక ఏ4 జిరాక్స్ కాగితం తీసి సరిగ్గా సగానికి మడువు. ఇప్పుడు దాని వెడల్పు 148 మిల్లీమీటర్లు. పొడవు 16 పాళ్లుంటే వెడల్పు 10 పాళ్లుండే (16:10) 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు దాదాపు అంతే. మీ సార్ పంపే పీడీఎఫ్ పేజీ మొత్తం ఆ వెడల్పులో ఇమడాలి. అక్షరం నూటికి డెబ్బై వంతులకు తగ్గుతుంది, అయినా చదవొచ్చు. అదే కాగితాన్ని ఇంకోసారి మడువు. 105 మిల్లీమీటర్లు వస్తుంది. 8.7 అంగుళాల చిన్న ట్యాబ్ తెర దీనికంటే అరవేలు వెడల్పు ఎక్కువ, అంతే. మీ తమ్ముడు ఎనిమిదిలో ఉండగా 2022 డిసెంబరులో బళ్లో ఇచ్చింది ఆ సైజుదే. వీడియో పాఠాలు చూడ్డానికి వాడికి బాగానే పనికొచ్చింది. నీకు కుదరదు. ఫైనల్ అకౌంట్స్ లెక్క అందులో పెట్టుకున్నావనుకో, పెద్దది చేస్తే గానీ అంకె కనపడదు. పెద్దది చేస్తే, ఎడమవైపు డెబిట్ చదివి వేలితో కుడివైపు క్రెడిట్‌కు జరిపేలోపు ఎడమవైపు అంకె మర్చిపోతావు. డబ్బు మిగుల్తుందని చిన్నది కొనకు పాపా. నీ చదువుకు 10 అంగుళాలకు తగ్గితే దండగ, 11 అయితే మేలు.

సైజు ఒక్కటే చాలదు. 10, 11 అంగుళాల తెర పెట్టి 1280×800 పిక్సెళ్లతో (బొమ్మను కట్టే చుక్కలతో) సరిపెట్టేవి ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇంగ్లీషు అక్షరం అందులో ఎలాగో నెట్టుకొస్తుంది, మన వత్తులు రావు. షాపులో ఏదైనా తెలుగు పత్రిక ఈ-పేపర్ పేజీ తెరిపించి "రాష్ట్ర", "లక్ష్మి" లాంటి మాటలు చూడు. కింద వత్తులు విడివిడిగా కనిపిస్తే సరే, ముద్దగా అలుక్కుపోయినట్టుంటే కింద పెట్టెయ్. 1920×1200 ఉన్నది అడుగు, నీ బడ్జెట్లో దొరుకుతుంది.

ఇంక నా బుద్ధితక్కువ సంగతి. ఊరందరికీ సలహాలు చెప్పేవాణ్ణి, 2021లో మావాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం నేనే బోల్తా పడ్డాను. ఎప్పుడూ వినని ఒక బ్రాండు, పెట్టె మీద "8 జీబీ ర్యామ్" అని ఇంత లావు అక్షరాలు. ర్యామ్ అంటే ఒకేసారి తెరిచిన పనులన్నీ పట్టుకునే జాగా. ఇంటికొచ్చి సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అసలు ర్యామ్ నాలుగే. మిగతా నాలుగూ స్టోరేజీలోంచి అప్పు తెచ్చి ర్యామ్ లెక్కలో చూపించినవి. స్టోరేజీ ర్యామంత వేగంగా పనిచేయదు, కాబట్టి ఆ అప్పు పేరుకే. క్లాసు నడుస్తుండగా నోట్సు తెరిస్తే చాలు, క్లాసు మూసుకుపోయేది. సినిమా పెడితే ఇంకో చిత్రం. తెర మంచిదే, యాప్‌కు చందా కట్టాను, బొమ్మ మాత్రం మసక. వైడ్‌వైన్ అని ఒక తాళం ఉంటుంది. అది ఎల్1 అయితేనే నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ బొమ్మ వదులుతాయి. ఎల్3 అయితే తెర ఎంత గొప్పదైనా 480 అనే మసక బొమ్మ దగ్గరే ఆపేస్తాయి. డీఆర్ఎమ్ ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసి చూస్తే ఏదో తెలిసిపోతుంది. కొన్న తర్వాత చూశాను నేను.

ఎనిమిదో నెలలో మంచం మీంచి పడి దాని గ్లాసు పగిలింది. తిరుపతిలో ఎవరి దగ్గరా ఆ డిస్‌ప్లే లేదు. సరుకు కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లే కుర్రాడితో అక్కడ కూడా అడిగించాను. "ఆ పేరేంటన్నా?" అని వాళ్లే ఎదురడిగారట. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, బ్యాటరీ ఉబ్బి వెనక మూత తెరుచుకుంది. కాబట్టి కొనబోయే మోడల్ అనుకున్నాక, షాపుకంటే ముందు మీ చిత్తూరులో రిపేరువాళ్లు ఇద్దరిని "దీనికి డిస్‌ప్లే దొరుకుతుందా, ఎంత?" అని అడుగు. ట్యాబ్‌కు డిస్‌ప్లే అంటే కొన్న ధరలో మూడో వంతు పోయినట్టే. ధర చెప్పడానికి కూడా వాళ్లు తడుముకుంటే ఆ మోడల్ మర్చిపో.

ర్యామ్ అసలుది 6 ఉంటే నిశ్చింత, 4 ఉంటే సర్దుకుపోవచ్చు, అంతకు దిగొద్దు. స్టోరేజీ 128 తీసుకో. 64లో సిస్టమే బాగా తినేస్తుంది, మిగిలిన చోట మీ అమ్మ పెళ్లి వీడియోలు వేసిందంటే నీ పుస్తకాలకు జాగా ఉండదు. మెమరీ కార్డు వేసే చోటుంటే ఇంకా మంచిది. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో మాత్రం కంపెనీ సైట్లోనే చూసుకో, కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే నవ్వి "చాలా ఏళ్లొస్తాయక్కా" అంటాడు.

సిమ్ వేసేది కావాలా అన్నావు. వద్దంటాను. నీ ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, హాట్‌స్పాట్ పెట్టుకో. సిమ్ మోడల్‌కు పెట్టే అదనపు డబ్బుతో 64కు బదులు 128 వస్తుంది. ఒక్క మీ నాయన సంగతే ఆలోచించాల్సింది. మామిడి సీజన్లో దామలచెరువు మండీలో కాటా లెక్కలు ఇందులోనే రాసుకుంటానన్నాడు కదా. ఆయన ఫోన్‌కు హాట్‌స్పాట్ పెట్టడం నేర్పు, రెండు నిమిషాల పని. నేర్చుకోనంటే నెట్ లేకుండా రాసుకోవచ్చు, గూగుల్ షీట్స్‌లో ఆ ఫైలుకు ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెడితే ఇంటికొచ్చి వైఫై తగలగానే ఎక్కేస్తుంది.

ఎక్సెల్ గురించి ఒక తిరకాసుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల వర్డ్, ఎక్సెల్ యాప్‌లు చిన్న తెరల మీద ఉచితంగా ఎడిట్ చేయనిస్తాయి, తెర 10.1 అంగుళాలు దాటితే చందా అడుగుతాయి. నేను నిన్ను 11 కొనమంటున్నాను! అందుకే గూగుల్ షీట్స్ అలవాటు చేసుకో. ఇంకొకటి, ట్యాలీ నేర్చుకుంటానన్నావు. ఆ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, ట్యాలీ ప్రైమ్, విండోస్ కంప్యూటర్‌ది, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వేసుకోలేవు. దానికి కాలేజీ ల్యాబే గతి. కీబోర్డు తగిలిస్తే ల్యాప్‌టాప్ అయిపోతుందని ఎవరైనా చెబితే విను, కొనకు. మూడు నెలలు వాడాక నిజంగా టైపింగ్ పనుంటే అప్పుడు మామూలు బ్లూటూత్ కీబోర్డు చూద్దాం.

పెన్ను కూడా అంతే. వంద, రెండొందలకు దొరికే రబ్బరు మొన పెన్ను వేలితో సమానం. రాసేటప్పుడు అరచెయ్యి ఆనిందంటే అక్కడో గీత పడుతుంది. అరచెయ్యిని పట్టించుకోకుండా పెన్ను మొననే చదివే ట్యాబ్‌లు వేరే ఉన్నాయి, ఈ ధరలో తక్కువ. లెక్కలు కాగితం మీదే చెయ్. పరీక్షలో రాయబోయేదీ కాగితం మీదే కదా.

మీ అమ్మమ్మ మాట మర్చిపోయేవాణ్ణి. ట్యాబ్ వస్తే ఎస్వీబీసీలో కల్యాణోత్సవం మంచం మీద పడుకునే చూడొచ్చని ఇప్పటికే లెక్కలేసుకుంది. ఆమె కోసం స్పీకర్లు చూడు. అడ్డంగా పట్టుకున్నప్పుడు రెండు పక్కలా ఉండాలి. ఒక పక్కే ఉంటే చెయ్యి పడి గొంతు మూసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్ సంగతి అడక్కముందే చెబుతున్నా. ఆ మధ్య నా దగ్గరికి ఒక పిల్లాడు ఏడుపు మొహంతో వచ్చాడు. ఆరు వేలకు కొన్నాడు, అమ్మినవాడు రీసెట్ కొట్టి ఇచ్చాడు. ఆన్ చేస్తే పాత ఓనరు గూగుల్ అకౌంటు అడుగుతోంది. ఓనరు ఫోన్ స్విచ్ఛాఫ్. అలాంటిది చేతిలో పలకతో సమానం. కొనక తప్పకపోతే అమ్మేవాడు నీ ఎదురుగానే సెట్టింగుల్లో అకౌంటు తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేయాలి. నువ్వు నీ అకౌంటుతో తెరిచి చూసుకున్నాకే డబ్బివ్వు. సిమ్ మోడలైతే *#06# కొట్టి ఐఎమ్ఈఐ నంబరు (ఆ ట్యాబ్ ఒక్కదానికే ఉండే గుర్తింపు నంబరు) చూసి, కేవైఎమ్ అని ఇంగ్లీషులో రాసి, పక్కన ఆ నంబరు పెట్టి 14422కు మెసేజ్ పంపు. దొంగ సరుకైతే బయటపడొచ్చు.

బ్యాటరీ 7000 ఎంఏహెచ్ అంటే బాగుంది అనుకుంటాం, పక్కనే చార్జింగ్ ఎంతో చూడం. 10 వాట్ల చార్జర్‌తో అది నిండటానికి మూడు గంటలకు పైనే పడుతుంది. అంతసేపు ఆగలేక, వైరు తగిలించే పొట్ట మీద పెట్టుకుని సినిమా చూస్తారు. నా బల్ల మీదికి వచ్చే ట్యాబుల్లో ఎక్కువ చార్జింగ్ పిన్ ఊగిపోయినవే. 18 వాట్లో, ఆపైనో ఉన్నది చూడు. మే నెల ఎండల్లో మేడ మీద గదిలో దుప్పటి మీద పెట్టి చార్జింగ్ వేశావో, మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

ఆన్‌లైన్‌లో తొందరపడి నొక్కకు. ఆదివారం పొద్దున చిత్తూరులో బస్సెక్కితే షాపులు తెరిచే వేళకు ఇక్కడుంటావు. మడిచిన జిరాక్స్ కాగితం, రెండు పీడీఎఫ్‌లు వేసిన పెన్‌డ్రైవ్ తెచ్చుకో, ట్యాబ్‌కు తగిలించే చిన్న ఓటీజీ ముక్క నా దగ్గరుంది. రెండు మూడు షాపులు తిరుగుదాం. ఆన్‌లైన్ ధర ఫోన్లో చూపించి అడుగుతాను, ఎంతో కొంత తగ్గిస్తారు. బిల్లు నీ పేరు మీద, సీరియల్ నంబరుతో సహా రాయించుకుందాం. మీ అత్త పులుసన్నం కలుపుతానంది, మధ్యాహ్నానికి ఇంటికి రావాల్సిందే.

మీ మామ