గ్లాసు ముక్కలు ఎవరు ఏరారు?

ప్రశ్న: నా వయసు 24. హనుమకొండలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎంగేజ్‌మెంట్ అయింది, పెళ్లి ఇంకో మూడు నెలల్లో. ఆయనది కరీంనగర్. ఈమధ్య ఇద్దరం ఒక సినిమాకు పోయాం. సముద్రం ఒడ్డున అద్దాల మేడ, హీరోకు ఒకటే అనుమానం. గ్లాసులు పగలగొడతాడు, తర్వాత ఏడుస్తాడు, హీరోయిన్ తిరిగొస్తుంది. నేనూ ఏడ్చాను. బయటికొచ్చాక ఆయన "ప్రేమంటే అట్లుండాలె" అన్నారు. ఆయనా అంతే. తోటి సార్‌తో మాట్లాడితే గొడవ. నా ఫోన్ పాస్‌వర్డ్ తీసుకున్నారు. పోయిన నెల మా ఇంట్లోనే టీ గ్లాసు గోడకేసి కొట్టి, తెల్లారి చీర తెచ్చి సారీ చెప్పారు. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటయి" అంటోంది అమ్మ. ఇది ప్రేమేనా?
– ఒక సోదరి

జవాబు: సినిమా చూసి ఏడ్చినందుకు సిగ్గుపడకండి. ఏడిపించడానికే తీస్తారు. హీరో అరిచినచోట వయొలిన్ మోగుతుంది, హీరోయిన్ భయపడ్డ ముఖం మీద బంగారు రంగు లైటు పడుతుంది. ఆ భయం కూడా మనకు అందంగానే కనిపిస్తుంది. అదే సీన్‌ను మ్యూజిక్ తీసేసి, మీ హాల్లో ట్యూబ్‌లైట్ కింద ఊహించుకోండి. మీ ఉత్తరంలో ఉన్నది అదే.

సినిమాల్లో పగలగొట్టే గ్లాసులు మామూలు గాజువి కావు. ఒకప్పుడు చక్కెర పాకంతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా రెసిన్‌తో చేస్తున్నారు, నటులకు గాయం కాకుండా. సీన్ కాగానే ఎవరో వచ్చి ఊడ్చేస్తారు. మీ ఇంట్లో ముక్కలు ఎవరు ఏరారో మీరు రాయలేదు. మీరో, అమ్మగారో అయ్యుంటారు.

కోపం అందరికీ వస్తుంది. ఆయన తన ఆఫీసర్ ముందు ఎప్పుడైనా గ్లాసు విసిరారా? అక్కడ ఆపుకోగలిగిన మనిషి మీ దగ్గరెందుకు ఆపుకోవడం లేదు? ఇక చీర సంగతి. చీర వచ్చింది సరే, పాస్‌వర్డ్ వెనక్కి వచ్చిందా?

పాస్‌వర్డ్ మార్చండి. మార్చానని ఆయనకు చెప్పండి, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు. పగటిపూట, భద్రకాళి బండ్ లాంటి నలుగురు తిరిగే చోట, అన్ననో స్నేహితురాలినో దగ్గర్లో ఉంచుకుని చెప్పండి. నొచ్చుకున్నా విన్నారంటే, పెళ్లి వాయిదా వేసుకుని ఇద్దరూ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. బెదిరించారంటే ఇక నన్ను అడగాల్సింది ఏమీ లేదు, ఆగిపోండి. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ పోతుంది, చుట్టాలు నాలుగు మాటలంటారు. పోనివ్వండి.

181 మహిళా హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. ఫోన్ చేసినంత మాత్రాన కేసు పెట్టాల్సిన పనిలేదు. మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో కౌన్సెలింగ్, న్యాయ సలహా ఉచితం. వద్దన్నాక కూడా వెంటపడితే, మీ ఫోన్ మీద నిఘా పెడితే అది నేరం, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. మహిళల రక్షణకు ఉన్న పోలీసు బృందం షీ టీమ్‌కు చెప్పొచ్చు.

అన్నిటికంటే ముందు, నాకు రాసిన ఈ ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించండి. టీ గ్లాసు సంగతి ఆమె చూసే ఉంటారు. పాస్‌వర్డ్ సంగతి తెలియదనుకుంటాను.