గాయకుడిదా, బాక్సులదా తప్పు?

సంగీత విభావరులు, కచేరీల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు సౌండ్, వాద్యం, చెవి వైద్యం తెలిసినవారు ఇచ్చిన జవాబులు ఇవి.

ప్రశ్న: దసరాకి మా వీధిలో సినీ సంగీత విభావరి పెట్టారు. ముందు కూర్చున్న మా తమ్ముడు 'అదరగొట్టారు' అంటున్నాడు. వెనక నిలబడ్డ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ప్రతి మాటా రెండేసిసార్లు వినపడింది. గాయకుడి ఉచ్చారణే బాగాలేదంటాను. ఎవరిది నిజం?
– పటమట, విజయవాడ

జవాబు: మీరు విన్నది నిజమే, తీర్పే తొందరపడింది. మాట రెండుసార్లు వినపడితే అనుమానించాల్సింది గొంతును కాదు, జనం మధ్యలో పెట్టిన రెండో జత బాక్సుల్ని. మన వేడికి ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీ సెకన్లు. స్టేజికి 30 మీటర్ల దూరంలో ఉన్న బాక్సుల్లోకి పాట వైరు మీద వెంటనే వచ్చేస్తుంది. స్టేజి బాక్సుల్లోంచి బయల్దేరిన అదే మాట గాలిలో ప్రయాణించి 86 మిల్లీ సెకన్లు ఆలస్యంగా అక్కడికి చేరుతుంది. తేడా 50 మిల్లీ సెకన్లు దాటాక చెవి దాన్ని వేరే మాటగా వింటుంది. మిక్సర్‌లో, అంటే మైకుల శబ్దాలన్నీ కలిపి సర్దే పరికరంలో, వెనక బాక్సులకు ఆ 86 మిల్లీ సెకన్ల డిలే (ఆలస్యం) ఇచ్చి, ఇంకో పది కలిపితే పాట స్టేజి మీంచే వస్తున్నట్టుంటుంది. రెండు నిమిషాల పని, హడావుడిలో మర్చిపోయేదీ అదే.

మీ తమ్ముడి మాటా పూర్తిగా నమ్మకండి. ముందు వరస మధ్యలో కూర్చుంటే పక్క బాక్సుల్లోని గొంతు కన్నా స్టేజి మీది డ్రమ్సే నేరుగా తగులుతాయి. గాయకుడి మీద అభిప్రాయం చెప్పదలిస్తే మిక్సర్ దగ్గర కూర్చోండి. సౌండ్ చూసే మనిషి తన చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ సర్దుతాడు.

ప్రశ్న: వినాయక చవితి పందిట్లో పాటల ప్రోగ్రాం పెడితే మైకు మాటిమాటికీ కుయ్యిమంది. ఈసారి ఖరీదైన మైకులు తెప్పిస్తే పోతుందా?
– ఉత్సవ కమిటీ సభ్యుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పోదు. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, పెరిగి, తిరిగి బాక్సులోకి పోతుంటే వచ్చే కూత అది. కాబట్టి ముందు బాక్సుల్ని కదపండి. మెయిన్ బాక్సులు మైకుల వరస కన్నా కనీసం రెండు మీటర్లు ముందుండాలి. గాయకుడి మానిటర్‌ను, అంటే తన పాట తనకు వినపడేందుకు పెట్టే బాక్సును, మామూలు కార్డియాయిడ్ మైకుకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) సరిగ్గా వెనక పెట్టాలి, ఆ మైకుకు అక్కడే చెవుడు. ఇంకా ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ రకమైతే నేరుగా వెనక కాదు, కొంచెం పక్కకి జరపాలి. చాలామంది గాయకులు స్టైల్‌గా మైకు జాలీని గుప్పిట్లో పట్టుకుంటారు. అప్పుడు వెనక రంధ్రాలు మూసుకుపోయి అది అన్ని వైపులా వింటుంది, ఎంత ఖరీదైన మైకైనా అరుస్తుంది. నోటికి మైకు దూరం సగానికి తగ్గిస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మిక్సర్‌లో మైకు గెయిన్‌ను (శబ్దాన్ని పెంచే మోతాదును) అంత తగ్గించుకోవచ్చు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైనప్పుడల్లా, కూత రాకుండా పెంచగలిగే వాల్యూమ్‌లో 3 డెసిబెల్స్ చేజారుతుంది. కోరస్ వాళ్లు పాడనప్పుడు వాళ్ల మైకులు మ్యూట్‌లో ఉండాలి.

జనం రాకముందే వాల్యూమ్ మెల్లగా పెంచి, కూత ఎక్కడ మొదలవుతుందో చూసి, ఈక్వలైజర్‌లో ఆ ఒక్క బ్యాండ్‌నే (ఆ స్థాయి స్వరాల మీటనే) 3 నుంచి 6 డెసిబెల్స్ దించండి. పదేసి బ్యాండ్లు దించితే పాట చప్పబడిపోతుంది.

కూత కాకుండా 'బుర్ర్' మనే హమ్ వస్తుంటే అది కరెంటు గొడవ. సౌండ్‌కీ లైటింగ్‌కీ వేర్వేరు లైన్లు ఇవ్వండి, కీబోర్డును డీఐ బాక్స్ (వాద్యాన్ని హమ్ లేకుండా మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) ద్వారా కలపండి. హమ్ పోతుందని ప్లగ్గుకు ఎర్త్ పిన్ పీకేసే తెలివి మాత్రం వద్దు, తడి నేల మీద మైకు పట్టుకున్నవాడి ప్రాణాలు పోతాయి. పోలీసు అనుమతి ముందే రాయించుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగ సడలింపు ప్రభుత్వం ప్రకటిస్తేనే.

ప్రశ్న: కచేరీలో మృదంగం ఆయన పాటపాటకీ రాయి పెట్టి తట్టుకుంటూనే ఉన్నారు. ఇంటి దగ్గరే శ్రుతి చేసుకుని రాకూడదా?
– కృష్ణలంక, విజయవాడ

జవాబు: చేసుకునే వస్తారు. అది తోలు. బయటి ఉక్కకి సాగి శ్రుతి దిగుతుంది, ఏసీ హాల్లో పొడిబారి బిగుసుకుని ఎక్కుతుంది. ఎడమవైపు రాసిన తడి రవ్వ ముద్ద కూడా ఆరుతున్నకొద్దీ నాదం మారిపోతుంది. వాద్యాన్ని గంట ముందే హాల్లో ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. నిర్వాహకులు తలుపులు తీయాలి కదా!

ప్రశ్న: నాన్నగారు విన్న కచేరీల జ్ఞాపకాలు రాసుకుంటున్నాను. సంవత్సరాలు కలవడం లేదు.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: 'ఏ సంవత్సరం?' అని అడక్కండి, 'దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?' అనండి. అది 1977 నవంబరు 19. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, అంతకుముందు రేడియోలో విన్నానంటే అది మద్రాసు కేంద్రం అయి ఉండొచ్చు. తారీఖుతో పాటు ఎక్కడ కూర్చున్నారు, పక్కవాద్యం ఎవరు, మైకు ఉందా లేదా, ఏ రాగం దగ్గర జనం కదిలారు అన్నవీ అడిగి రాయండి. 'అద్భుతంగా పాడారు' అన్న ఒక్క వాక్యం మీ పిల్లలకి ఏమీ చెప్పదు.

ప్రశ్న: విభావరి నుంచి వచ్చాక రాత్రంతా చెవుల్లో గుయ్యిమంటోంది. ప్రమాదమా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అది చెవి అలసిందన్న హెచ్చరిక. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించే చెవి, 100 దగ్గర పావుగంటే భరిస్తుందని లెక్క. బాక్సుల ముందు 100 దాటడం మామూలే. దూది పెద్దగా ఆపదు. ఫోమ్ ఇయర్ ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, అర నిమిషం వేలితో నొక్కి ఉంచాలి. పసిపిల్లల్ని బాక్సుల పక్కకి అసలు తీసుకెళ్లొద్దు. ఒక రోజు దాటినా మోత తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు.