అప్రెంటిస్‌షిప్ మధ్యలో మానేస్తే లక్ష కట్టాలా?

ప్రశ్న: బీకాం పూర్తిచేసి విజయవాడలోని ఒక హోల్‌సేల్ వ్యాపార సంస్థలో అసిస్టెంట్ అకౌంటెంట్ అప్రెంటిస్‌గా చేరాను. నెలకు 6,000 రూపాయలు నగదుగా ఇస్తున్నారు. చేరేటప్పుడు స్టాంపు కాగితం మీద రెండేళ్ల బాండ్ రాయించుకుని, డిగ్రీ, పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్పిస్తామన్నారు. చేయిస్తున్నది మాత్రం బాకీల వసూళ్లు, గోదాము పని. మానేస్తే లక్ష రూపాయలు కట్టాలని, లేకపోతే పోలీసు కేసు పెడతామని బెదిరిస్తున్నారు. నాకు దారేమిటి?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: ముందు పోలీసు కేసు భయం వదిలేయండి. గడువు తీరకముందే పని మానేయడం నేరం కాదు. నష్టం జరిగిందనుకుంటే యజమాని సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు, అంతే.

మీ కేసులో అసలు తేల్చుకోవలసింది ఒకటే. మిమ్మల్ని నిజంగా 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద తీసుకున్నారా, లేక ఆ పేరు మాత్రమే వాడుకున్నారా? చట్టం ప్రకారం అప్రెంటిస్‌షిప్ ఒప్పందాన్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో మీ పేరుతో లాగిన్ అయి, ఒప్పందం ఉందో లేదో చూడండి.

ఉంటే, మీరు చట్టం దృష్టిలో శిక్షణార్థి. కార్మిక చట్టాలు మామూలుగా మీకు వర్తించవని 18వ సెక్షన్ చెబుతుంది. అంతమాత్రాన రక్షణ లేదనుకోకండి. శిక్షణకు సంబంధం లేని పని చేయించడాన్ని చట్టం తప్పుగా పరిగణిస్తుంది. కనీస స్టైపెండ్ కూడా నియమాల్లోనే ఉంది. 2019 సవరణ ప్రకారమే డిగ్రీ చదివినవారికి నెలకు 9,000 రూపాయల కంటే తగ్గకూడదు. ఒప్పందంపై తగాదా వస్తే 20వ సెక్షన్ కింద అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు (ఈ చట్టం కింద నియమితుడైన ప్రభుత్వ అధికారికి) ఫిర్యాదు చేయాలి. ఆ తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. యజమాని తప్పు వల్ల ఒప్పందం రద్దయితే మూడు నెలల స్టైపెండ్ మీకు పరిహారంగా రావాలి. తప్పు మీదని తేలితే శిక్షణ ఖర్చు మీ నుంచి రాబట్టే వీలుంది. కాబట్టి చెప్పకుండా మానేయవద్దు, రద్దు కోసం దరఖాస్తు చేయండి.

పోర్టల్‌లో ఏమీ లేకపోతే? ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. ఒప్పందం నమోదు కానంత మాత్రాన అప్రెంటిస్ కార్మికుడైపోడని సుప్రీంకోర్టు 2004లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. అయితే ఆ చట్టం ఊసే లేని బాండ్, శిక్షణ ప్రణాళిక లేకపోవడం, రోజంతా వసూళ్ల పని, ఇవన్నీ మీరు ఉద్యోగిగానే పనిచేశారన్న వాదనకు బలం ఇస్తాయి. వేతనాల కోడ్, సాంఘిక భద్రత కోడ్ అనే కార్మిక చట్టాలు ఉద్యోగి నిర్వచనం నుంచి తప్పించింది 1961 చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌నే గాని, యజమాని నోటిమాటతో అప్రెంటిస్ అయినవారిని కాదు. అప్పుడు కనీస వేతనంలో తగ్గిన మొత్తాన్ని, సంస్థలో తగినంతమంది ఉంటే పీఎఫ్‌ను కూడా అడగవచ్చు. ఫిర్యాదు కార్మిక శాఖ అధికారికి ఇవ్వాలి.

లక్ష రూపాయల మాటకు వస్తే, బాండ్లన్నీ చెల్లవని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. 2025లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు రాయించుకున్న రెండు లక్షల బాండ్‌ను సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ అక్కడున్నది మంచి జీతం అందుకునే సీనియర్ మేనేజర్, బహిరంగ పోటీ ద్వారా జరిగిన ఖరీదైన నియామకం. మీకు నేర్పిందేమిటి, దానికి పెట్టిన ఖర్చెంత? కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసినా, ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే కోర్టు ఇస్తుంది.

సర్టిఫికెట్ల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కష్టపడి చదివి తెచ్చుకున్న పట్టాను తాకట్టు వస్తువులా బీరువాలో పెట్టుకునే హక్కును అప్రెంటిస్‌ల చట్టం ఏ యజమానికీ ఇవ్వలేదు. తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో లేఖ పంపి రసీదు దాచుకోండి. స్పందన లేకపోతే లాయర్ నోటీసు, ఆ తరువాత వాటిని ఇప్పించమని సివిల్ దావా. కొందరు పోయాయని అబద్ధపు ఫిర్యాదు ఇచ్చి నకళ్లు తీసుకోమంటారు. ఆ పని అస్సలు చేయకండి, తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇవన్నీ మొదలుపెట్టేముందు హాజరు వివరాలు, పనులు పురమాయించిన వాట్సాప్ సందేశాలు, బాండ్ ఫొటో భద్రం చేసుకోండి. సంస్థ ఖాతా పుస్తకాలు, ట్యాలీ డేటా మాత్రం కాపీ చేసుకోవద్దు. ఇప్పుడు లేని కేసును మీరే వారి చేతికి ఇచ్చినట్లవుతుంది.